పాత మస్టాంగ్‌కు ఏ ఇరుసు? ముందు టైరు చూడండి

ఫోర్డ్ కంపెనీ 1967 మస్టాంగ్‌ను ఇష్టపడి కొనుక్కున్నవాళ్ళు చాలామంది ఒకే వరసలో పని మొదలుపెడతారు. ముందు పాత 289 ఘనపుటంగుళాల ఇంజిన్ దించి, 1987–93 మస్టాంగ్‌లలో వచ్చిన 5.0 లీటర్ల ఇంజిన్ ఎక్కిస్తారు. దాని వెంట టి-5 ఐదు గేర్ల పెట్టె వస్తుంది. అప్పుడు కారు కిందకి దూరి వెనక ఇరుసు వంక చూస్తారు. అరవై ఏళ్ళ నాటి ఇనుము. ఇది ఆగుతుందా అని అనుమానం మొదలవుతుంది. ఎవర్ని అడిగినా ఒకటే మాట: ఫోర్డ్ నైన్ ఇంచ్ ఇరుసు వేసెయ్, ఇక చూసుకోనక్కర్లేదు.

డాలస్‌లో ఉన్న కుర్రాడొకడు మొన్న నన్నూ అదే అడిగాడు, "అన్నా, నైన్ ఇంచ్ ఎక్కడ దొరుకుతుంది?" అని. "ముందు ఏ టైర్లు వేస్తావో చెప్పరా" అన్నాను. వాడికి అది సంబంధం లేని ప్రశ్నలా తోచింది. నిజానికి మొత్తం లెక్క అక్కడే ఉంది. ఈ వ్యాసం వాడికి చెప్పిన జవాబే, కాస్త వివరంగా.

ఎద్దుబండి ఇరుసు బరువు మోస్తుంది, అంతే. లాగే పని ఎడ్లది. ఈ కార్ల వెనక ఇరుసు బరువు మోస్తూనే బండిని ముందుకు తోస్తుంది కూడా. గేర్ల పెట్టె నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పే తిప్పుడు పినియన్ అనే చిన్న పళ్ళ చక్రంలోకి వస్తుంది. పినియన్ క్రౌన్ అనే పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. దానికి బిగించిన డిఫరెన్షియల్ ఆ బలాన్ని రెండు యాక్సిల్ షాఫ్టులకు పంచుతుంది. ఇవన్నీ ఒకే గొట్టపు హౌసింగ్‌లో ఇమిడి ఉంటాయి. ఇందులో ఏదో ఒకటి మిగతావాటికంటే ముందు లొంగిపోతుంది. అదేదో, ఎప్పుడో తెలిస్తే ఎంత బలమైన ఇరుసు కావాలో తెలుస్తుంది.

ఒక లెక్క వేద్దాం

1992 దాకా ఆ 5.0 ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 300 పౌండ్-అడుగులని ఫోర్డ్ చెప్పింది. టి-5లో మొదటి గేరు 3.35. ఇరుసు నిష్పత్తి, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చుట్లు, 3.55 అనుకుందాం. మూడింటినీ గుణిస్తే చక్రాల దగ్గర దాదాపు 3,570 పౌండ్-అడుగులు. ఈ అంకె చూసే జనం బెంబేలెత్తి పెద్ద ఇరుసు కోసం పరిగెడతారు.

కానీ అంత బలం ఇరుసు మీద పడాలంటే నేల దాన్ని ఎదిరించి నిలబడాలి. టైరు జారిపోతే ఎదురు ఉండదు, ఎదురు లేకపోతే భారమూ ఉండదు. డ్రైవరుతో కలిపి కారు 3,200 పౌండ్లు, అందులో నూటికి 45 వంతులు వెనక చక్రాల మీద అనుకోండి. మస్టాంగ్ ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 108 అంగుళాలు. కారు బరువంతా నేలకు 20 అంగుళాల ఎత్తున కేంద్రీకృతమై ఉందనుకుంటే, బండి ఎగిరి బయల్దేరినప్పుడు వెనక్కి ఎంత బరువు జరుగుతుందో లెక్కగట్టవచ్చు. మామూలు రోడ్డు టైరు పట్టు 0.9 గుణకం, టైరు ఎత్తు 26 అంగుళాలు అనుకుంటే, రెండు చక్రాలూ కలిసి నేలకు అందించగలిగింది సుమారు 1,690 పౌండ్-అడుగులే. ఆ పైన ఇంజిన్ ఎంత ఇచ్చినా టైరు పొగలోకి పోతుంది.

అదే కారుకు డ్రాగ్ రేసుల్లో వాడే నున్నటి స్లిక్ టైర్లు వేసి, జిగురు పూసిన ట్రాక్ మీద నిలబెట్టండి. పట్టు గుణకం 1.6 అనుకుంటే అంకె 3,540 దాటుతుంది. అంటే దాదాపు ఇంజిన్ ఇచ్చేదంతా నేలకు దిగుతుంది, ఇరుసు దాన్నంతా మొయ్యాలి. ఇంజిన్‌లో ఒక్క బోల్టు కూడా మార్చలేదు. టైర్లు మార్చాం, ఇరుసు మీద భారం రెట్టింపైంది.

ఈ అంకెలు స్థూలమైనవే. మీ కారు బరువు, ఎత్తు, టైరు వేరుగా ఉంటాయి. అయినా ఇది రెండు మెట్ల లెక్క: ఇంజిన్ ఇవ్వగలిగేది ఒకటి, టైరు పట్టుకోగలిగేది ఒకటి. రెండింట్లో ఏది తక్కువో ఇరుసు మీద పడేది అదే. వీధిలో తిరిగే పాత కార్లలో తక్కువది దాదాపు ఎప్పుడూ టైరే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇది నిలకడగా నొక్కినప్పటి లెక్క. ఐదు వేల ఆర్‌పీఎమ్‌లో క్లచ్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే, అంత వేగంతో తిరుగుతున్న ఫ్లైవీల్ బరువు కూడా ఒక్క క్షణంలో ఇరుసు మీద పడుతుంది. సుత్తితో కొట్టినట్టుంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్‌లోని నూనె ఉంటుంది కాబట్టి అదే బలం మెత్తగా దిగుతుంది. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, కార్ల కంపెనీలే ఒప్పుకున్నది. 1966 నుంచి క్రైస్లర్ వీధి కార్లలో 426 హెమీ ఇంజిన్ పెట్టినప్పుడు, నాలుగు గేర్ల మాన్యువల్ కార్లకు మరింత బలమైన డానా 60 ఇరుసు ఇచ్చింది. అదే హెమీ ఆటోమేటిక్‌తో కొంటే మామూలుగా 8¾ అంగుళాల ఇరుసే వచ్చేది. ఇంజిన్ ఒకటే, హార్స్‌పవర్ ఒకటే. ఇరుసును మార్చింది ఎడమ కాలు కింది క్లచ్.

మూడో శత్రువు వీల్ హాప్. కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద కూర్చున్న ఇరుసు, బలం పడగానే పినియన్ ముక్కును పైకెత్తి పట్టీలను ఎస్ ఆకారంలో మెలిపెడుతుంది. టైరు జారుతుంది, పట్టీ తిరిగి సాగుతుంది, టైరు మళ్ళీ పట్టుకుంటుంది. సెకనులో చాలాసార్లు ఇది జరిగితే కారు వెనక భాగం దడదడలాడుతుంది. ప్రతి పట్టూ ఒక సుత్తి దెబ్బే. చాలా ఇరుసులు ఇంజిన్ బలానికి కాదు, ఈ దడదడకే పోతాయి. అందుకే 1965 షెల్బీ జీటీ350కి కారల్ షెల్బీ బృందం ఇరుసు మెలిక తిరగకుండా ట్రాక్షన్ బార్లు కూడా బిగించింది. మీ కారు దడదడలాడుతుంటే కొత్త ఇరుసు కొనేముందు పట్టీలు, బుష్‌లు, ట్రాక్షన్ బార్ల సంగతి చూడండి. ఖర్చు చాలా తక్కువ, ఫలితం చాలా ఎక్కువ.

మీ కారు కింద ఉన్నదేమిటి

1967 మస్టాంగ్‌లో వీ8 కార్లకు ఎక్కువగా వచ్చింది ఎయిట్ ఇంచ్. అంటే క్రౌన్ చక్రం అడ్డకొలత 8 అంగుళాలు. ఆరు సిలిండర్ల కార్లకు నాలుగు బోల్టుల చక్రాలు, ఇంకా చిన్న ఇరుసు వచ్చాయి. మీ కారు ఆరు సిలిండర్లతో పుట్టి, తర్వాత ఎవరో వీ8 ఎక్కించి ఉంటే, ఇరుసు మార్చాలా వద్దా అన్న చర్చే లేదు. మార్చాల్సిందే.

ఎయిట్ ఇంచ్‌ని, నైన్ ఇంచ్‌ని చూడగానే పోల్చుకోవడం కష్టం. రెండింటికీ మధ్యలోని క్రౌన్-పినియన్ ముద్ద ముందు వైపు నుంచి విప్పి తీసేదే, వెనక మూత ఉండదు. పాత మెకానిక్కుల గుర్తు ఒకటుంది: ఆ ముద్దను పట్టుకున్న నట్లలో కింది రెండింటికి గొట్టపు సాకెట్ పట్టకపోతే అది నైన్ ఇంచ్. అన్నింటికీ సాఫీగా సాకెట్ పడితే ఎయిట్ ఇంచ్.

ఎయిట్ ఇంచ్‌ని తక్కువ అంచనా వెయ్యొద్దు. 225 హార్స్‌పవర్ల నాలుగు బారెళ్ళ కార్బ్యురేటర్ ఉన్న 289కి ఫోర్డ్ ఇదే ఇచ్చింది. 271 హార్స్‌పవర్ల హై పెర్ఫార్మెన్స్ 289 దగ్గరకొచ్చేసరికి నైన్ ఇంచ్‌కు మారింది. ఫోర్డ్ ఇంజినీర్లు గీత గీసింది అక్కడ, అదీ ఆనాటి సన్నటి టైర్లతో. ఈనాటి రేడియల్ టైర్లు అంతకంటే బాగా పట్టుకుంటాయి కాబట్టి ఆ గీత కొంచెం కిందకి జరిగిందనుకోవాలి. అయినా రోడ్డు టైర్లతో, క్లచ్‌ను మర్యాదగా వదిలే మనిషి చేతిలో, 5.0 ఇంజిన్ వెనక మంచి ఎయిట్ ఇంచ్ ఏళ్ళ తరబడి ఆగుతుంది. కొత్త బేరింగులు, 3.55 క్రౌన్-పినియన్, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించేది) వేసుకుంటే హౌసింగ్ మార్చే పనే లేదు. బ్రేకులు, ప్రొపెల్లర్ షాఫ్ట్, కమాను పట్టీలు ఇరుసుకు ఆనే దిమ్మలు అన్నీ అలాగే ఉంటాయి. డాలస్ కుర్రాడికి నేను మొదట చెప్పింది ఇదే.

నైన్ ఇంచ్, 8.8

పెద్ద ఇరుసే కావాలంటే ఫోర్డ్ కార్లవాళ్ళ ముందు రెండు దారులు.

నైన్ ఇంచ్ 1957లో వచ్చింది, 1986 దాకా ఫోర్డ్ ట్రక్కుల్లో నడిచింది. దాని బలం క్రౌన్ చక్రం కొలతలో మాత్రమే లేదు. పినియన్ మధ్యగీత క్రౌన్ మధ్యగీతకంటే దాదాపు 2.4 అంగుళాలు కిందకి ఉంటుంది. అంత కిందకి దించితే పినియన్‌ను లావుగా చెయ్యొచ్చు, ఒకేసారి ఎక్కువ పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైగా పినియన్ ముక్కు చివర మరో బేరింగ్ ఉంటుంది. చాలా ఇరుసుల్లో పినియన్ ఒకవైపు ఆనుకుని గాల్లో వేలాడుతుంది. భారం పడ్డప్పుడు అది క్రౌన్ నుంచి పక్కకు వంగబోతుంది. నైన్ ఇంచ్‌లో రెండు వైపులా పట్టు ఉంది కాబట్టి వంగదు. పళ్ళు విరిగేది ఎక్కువగా ఆ వంగుడు వల్లే.

దీనికి మూల్యం ఉంది. పినియన్ అంత కిందకి ఉంటే పళ్ళు దొర్లడంతో పాటు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారుతాయి. ఆ రాపిడికి కొంత శక్తి వేడిగా పోతుంది. అందుకే ఇంజిన్ బలాన్ని చక్రాల దాకా దండగ లేకుండా చేర్చడంలో 8.8 దీనికంటే మెరుగు. రోజూ నడిపే కారుకు ఆ తేడా పెద్దదేం కాదు, కానీ ఉంది.

8.8 అంగుళాల ఇరుసు 1980ల నుంచి వచ్చింది. పాత మస్టాంగ్‌వాళ్ళు వెతికేది 1995–2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కింద ఉన్నదాన్ని. 31 స్ప్లైన్ల (షాఫ్టు చివర చెక్కిన గాడి పళ్ళ) షాఫ్టులు, వెనక డిస్క్ బ్రేకులు, పాత మస్టాంగ్ చక్రాలకే సరిపోయే ఐదు బోల్టుల వరస, ఇవన్నీ కంపెనీ నుంచే వచ్చాయి. స్క్రాప్ యార్డుల్లో దొరుకుతుంది. ఇంతకంటే తక్కువ ఖర్చులో ఇంత బలం ఇంకెక్కడా రాదు.

చిక్కు కొలతల్లో ఉంది. 1965–66 మస్టాంగ్ ఇరుసు ఒక చక్రపు ముఖం నుంచి ఇంకో చక్రపు ముఖం దాకా 57¼ అంగుళాలు. 1967–70 కార్లకు 59¼. ఎక్స్‌ప్లోరర్‌ది 59½ పైచిలుకు. 1967 కారుకు వెడల్పు సరిపోయినట్టే అనిపిస్తుంది, కానీ ఎక్స్‌ప్లోరర్ పినియన్ మధ్యలో ఉండదు. ఎడమ గొట్టం కుడిదానికంటే దాదాపు మూడు అంగుళాలు పొడుగు. ఎడమ గొట్టాన్ని అంత మేర కోసి, రెండో వైపు కూడా కుడి పక్క పొట్టి షాఫ్టే వేస్తే పినియన్ మధ్యకు వస్తుంది, వెడల్పు 56½ దగ్గరకు తగ్గుతుంది. ఇది 1965–66 కార్లకు చక్కగా కుదురుతుంది. 1967కి అయితే తగ్గిన వెడల్పుకు తగ్గట్టు చక్రాల ఆఫ్‌సెట్ ఎంచుకోవాలి. ఏ దారిలోనైనా కమాను పట్టీల దిమ్మలు కోసేసి కొత్తవి వెల్డింగ్ చెయ్యాలి. మస్టాంగ్‌లో ఆ రెండింటి మధ్య దూరం 43 అంగుళాలు.

8.8కి ఇంకో బలహీనత ఉంది. గొట్టాలు మధ్యలోని పోత ఇనుప ముద్దలోకి దిగి, రంధ్రాల దగ్గర మాత్రమే వెల్డింగ్‌తో ఆగుతాయి. స్లిక్ టైర్లతో గట్టిగా లాగితే గొట్టం ఆ ముద్దలో తిరిగిపోవచ్చు. చుట్టూ వెల్డింగ్ చేయించుకుంటారు. పోత ఇనుముకు ఉక్కు అతికించడం అందరి చేతా అయ్యే పని కాదు. ముందు వేడి చెయ్యాలి, నికెల్ రాడ్ వాడాలి, మెల్లగా చల్లారనివ్వాలి.

షాఫ్టు విరిగితే చక్రం ఎక్కడుంటుంది

ఈ ప్రశ్న నాకు బలం కంటే ముఖ్యం. లారీ వెనక చక్రం మధ్యలో పొడుచుకొచ్చిన ఫ్లాంజి, దాని చుట్టూ బోల్టులు విజయవాడ ఆటోనగర్ వీధుల్లో తిరిగినవాళ్ళందరూ చూసే ఉంటారు. అక్కడ చక్రాన్ని మోసేది హౌసింగ్ గొట్టం, షాఫ్టు తిప్పుతుంది, అంతే. ఆ బోల్టులు విప్పి షాఫ్టు బయటికి లాగేసినా లారీ చక్రం మీదే నిలబడి ఉంటుంది. మన మస్టాంగ్ లాంటి కార్లలో అలా కాదు. షాఫ్టే చక్రాన్ని మోస్తూ తిప్పుతుంది.

8.8లోనూ, షెవర్లే 12 బోల్టుల ఇరుసులోనూ షాఫ్టును లోపల పట్టి ఉంచేది డిఫరెన్షియల్‌లో దాని చివర దూర్చిన చిన్న సి-క్లిప్. షాఫ్టు మధ్యలో విరిగితే ఆ క్లిప్ లోపలి ముక్కను పట్టుకుంటుంది. బయటి ముక్క, దానికున్న చక్రం, బ్రేకుతో సహా బయటకు జారొచ్చు. ఎయిట్ ఇంచ్, నైన్ ఇంచ్‌లలో బయటి చివర బేరింగ్‌ను షాఫ్టుకు బిగించి, పైన పలకతో హౌసింగ్‌కు బోల్టు వేస్తారు. షాఫ్టు విరిగినా చక్రం చోటులోనే ఉంటుంది. అందుకే అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం ఎన్‌హెచ్ఆర్ఏ, పావు మైలును 10.99 సెకన్లలో లేదా అంతకంటే త్వరగా దాటే కార్లకు బలమైన షాఫ్టులతో పాటు వాటిని బయట పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి చేసింది. ట్రాక్ మీదకు వెళ్ళే ఉద్దేశం ఉంటే, 8.8 ఎంచుకున్నా సి-క్లిప్ తీసేసే కిట్ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోండి. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే కారైతే దీన్ని పట్టించుకోమని ఇంకా గట్టిగా చెబుతాను.

షాఫ్టు లావు గురించి ఒక్క మాట. మెలికకు తట్టుకునే శక్తి అడ్డకొలత ఘనంతో పెరుగుతుంది. 28 స్ప్లైన్ల షాఫ్టు చివర సుమారు 1.2 అంగుళాలు, 31 స్ప్లైన్లది 1.33, 35 స్ప్లైన్లది ఒకటిన్నర. చూపుకు తేడా వేలి గోరంత. ఒకే ఉక్కుతో చేస్తే 28 నుంచి 31కి బలం మూడో వంతు పెరుగుతుంది, 35కి దాదాపు రెట్టింపు. 428 కోబ్రా జెట్ ఇంజిన్ ఉన్న మస్టాంగ్‌లకు ఫోర్డ్ 31 స్ప్లైన్లు ఇచ్చింది ఇందుకే. నైన్ ఇంచ్ అన్న పేరు చూసి కొనేస్తే లోపల 28 స్ప్లైన్లే ఉండొచ్చు. 271 హార్స్‌పవర్ల మస్టాంగ్‌లో ఉన్నవి అవే. పేరు కాదు, స్ప్లైన్లు లెక్కపెట్టి కొనండి.

డిఫరెన్షియల్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు షాఫ్టులకూ సమానంగా పంచుతుంది. ఒక చక్రం జారితే రెండోదానికీ అంతే తక్కువ అందుతుంది. ఒక రకంగా అది షాఫ్టులకు రక్ష. రెండు షాఫ్టులనూ కలిపి బిగించే లాకర్ వేశాక ఒక చక్రం తేలిపోతే మొత్తం బలం రెండో షాఫ్టు ఒక్కటే మొయ్యాలి. పాత 28 స్ప్లైన్ల షాఫ్టులు ఉంచి లాకర్ ఒక్కటే వెయ్యడం నేను ఒప్పుకోని పని. వీధి కారుకు క్లచ్ పలకలున్న లిమిటెడ్ స్లిప్ చాలు. అందులో పోసే నూనెకు ఆ పలకల రాపిడిని సరిచేసే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపడం మాత్రం మరవకండి.

నిష్పత్తి విషయంలో ఆశ ఎక్కువ పడితే బలం తగ్గుతుంది. నైన్ ఇంచ్‌లో 3.00కి పినియన్‌కు 13 పళ్ళు, 4.11కి 9 పళ్ళు. పళ్ళు తగ్గినకొద్దీ పినియన్ చిన్నదవుతుంది. 26 అంగుళాల టైరుతో 70 మైళ్ళ వేగంలో ఇంజిన్ 4.11కి 3,700 ఆర్‌పీఎమ్ దాటుతుంది. 3.55 వేసి టి-5లోని 0.68 ఐదో గేరుకు మారిస్తే 2,200 లోపే. హైవే మీద మాట వినబడాలంటే ఇదే నా ఎంపిక.

మస్టాంగ్ కాని కార్లవాళ్ళకు క్లుప్తంగా. షెవర్లేవారి 1964–72 షెవెల్, మొదటి తరం కమారోలలో చాలావాటికి 8.2 అంగుళాల 10 బోల్టుల ఇరుసు వచ్చింది, 28 స్ప్లైన్లతో. 1965–72 మధ్య వచ్చిన 12 బోల్టులది 8⅞ అంగుళాల క్రౌన్‌తో, 30 స్ప్లైన్లతో ఎంతో మెరుగు. ఆ పేరుతోనే ట్రక్కుల్లోనూ ఒకటుంది. దాని క్రౌన్-పినియన్ కారుదానికి పట్టదు, కొనేటప్పుడు జాగ్రత్త. క్రైస్లర్ కార్లవాళ్ళకు 1957–74 నాటి 8¾ చక్కటి ఇరుసు. నైన్ ఇంచ్‌లా దీని మధ్య ముద్ద కూడా ముందు నుంచే విప్పొచ్చు. 9¾ అంగుళాల క్రౌన్, 35 స్ప్లైన్లున్న డానా 60 బరువైనది. మాన్యువల్ గేర్లు, స్లిక్ టైర్లు, పెద్ద ఇంజిన్ మూడూ ఉన్నవాళ్ళకే అది.

బిగించేటప్పుడు

దిమ్మలను కొలత చూసి వెంటనే పూర్తిగా వెల్డింగ్ చెయ్యొద్దు. నాలుగు చుక్కలు పెట్టి, కారు బరువు చక్రాల మీద నిలిపి, పినియన్ కోణం చూడాలి. కమాను పట్టీల కారులో బలం పడ్డప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి, నిలబడి ఉన్నప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ గీతకంటే రెండు మూడు డిగ్రీలు కిందకి చూసేలా పెడతారు. ఇది తప్పితే వేగంలో కారంతా వణుకుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ళలోని క్రాస్ బేరింగులు అరుగుతాయి. పూర్తి వెల్డింగ్ తర్వాత గొట్టాలు వేడికి వంగాయేమో లేత్ దగ్గర చూపించండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కూడా మారుతుంది. ఇరుసు బిగించాకే కొలత ఇవ్వండి. వెనక డిస్క్ బ్రేకులు వస్తే, డ్రమ్ముల కోసం బ్రేకు గొట్టంలో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే పాత వాల్వు తీసెయ్యాలి. అది అలాగే ఉంటే ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి.

డాలస్ కుర్రాడు చివరికి రోడ్డు టైర్లే అన్నాడు. ట్రాక్ మోజు లేదు, క్లచ్ మీద దూకే అలవాటూ లేదు. ఎయిట్ ఇంచ్ హౌసింగ్ ఉంచేసి, లోపల 3.55, లిమిటెడ్ స్లిప్ వేసి, మెత్తబడ్డ కమాను పట్టీలు మార్చాడు. ఎప్పుడైనా స్లిక్ టైర్లు కొన్న రోజున, వాటితో పాటే 31 స్ప్లైన్ల నైన్ ఇంచ్ కూడా కొంటానని నాకు మాటిచ్చాడు.

కొత్త క్రౌన్-పినియన్‌తో మొదటి 500 మైళ్ళు నెమ్మదిగా నడపమన్నాను. మొదట్లో పదిహేను ఇరవై మైళ్ళు నడిపి, ఇరుసు పూర్తిగా చల్లారాక మళ్ళీ బయల్దేరాలి. 500 మైళ్ళకు నూనె మార్చాలి. దింపిన నూనెలో మెరిసే సన్నటి పొడి ఉంటే అది పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడిన గుర్తు. గోటికి తగిలే ముక్క కనిపిస్తే మళ్ళీ విప్పి చూడాల్సిందే.